ఒక ముంత ఎక్కువ

వానలు మొదలవడానికి ముందు మా దీవిలో, వండూర్ ఒడ్డున, సముద్రం మీద బతికే మా తెలుగువాళ్లు గంగమ్మకు పండుగ చేస్తారు. ఇంట్లో ఎంతమంది మనుషులుంటే అన్ని చలిమిడి ముంతలు చేసి, చేటలో పెట్టుకుని, ఇంటి కోడలు వాటిని సముద్రంలో వదలాలి. వదిలేటప్పుడు ఒక్కొక్క ముంత ఎవరిదో పైకి చెప్పాలి. అంతే. ఆ తరవాత కోడికూర. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవాల్సిన లెక్క ఏదీ లేదు. కానీ మా అక్క అత్తవారింట్లో ఆ ఏడు లెక్క తేలలేదు. మనుషులు ఇద్దరో ముగ్గురో ఎవరూ చెప్పలేకపోయారు.

ఒకరు అక్క. ఒకరు వాళ్ల అత్త. మూడోవాడు మా బావ. అంతకుముందటి పండుగ అయిన కొద్దిరోజులకే ఆయన డింగీ పడవ తీసుకుని ఒక్కడే వెళ్లాడు. సముద్రం అప్పటికే బాగోలేదు. ‘ఇలా ఎల్లి అలా వచ్చీస్తాను’ అన్నాడట. ఆ మాట అన్నాక మా బావ ఏనాడూ వేళకు వచ్చిన మనిషి కాదు గనక మొదటి పూట ఎవరూ కంగారుపడలేదు. రెండో పూట భోజనం మూతపెట్టారు. ఆ తరవాత కోస్ట్‌గార్డ్ వాళ్లు వెతికారు, బస్తీ మగవాళ్లంతా డింగీలు వేసుకుని వెతికారు. మనిషి దొరకలేదు. డింగీ దొరకలేదు. చెక్క ముక్క, ప్లాస్టిక్ డబ్బా, చెప్పు, ఏదీ దొరకలేదు. అంత శుభ్రంగా మా బావ అంతకుముందు ఏ పనీ చేయలేదు.

ఏమీ దొరక్కపోవడంలోనే ఉంది అసలు గొడవ. ఇంజిన్ ఆగిపోయి కొట్టుకుపోయిన డింగీలు బర్మా ఒడ్డుకో, ఇంకా అటు దేశాల ఒడ్డుకో చేరడం, అక్కడివాళ్లు పట్టుకుని జైల్లో పెట్టడం, ఎన్నాళ్లకో మనిషి ఇంత గడ్డంతో దిగడం, ఇలాంటి కథలు ఈ దీవుల్లో ప్రతి బస్తీలోనూ ఒకటో రెండో వినిపిస్తాయి. అందుకని అక్కవాళ్ల అత్త తన కొడుకును బర్మా జైల్లో పెట్టుకుంది. అక్కడైతే ఊపిరితో ఉంటాడు.

ఒకరోజు నన్ను అడిగింది. ‘ఒలే గుంటా, నువ్వు సదూకున్నదానివి గదా. బర్మాలోన సేపల కూర ఎడతారేటే జైల్లోన?’

‘అత్తా, బర్మావాళ్లు మనకంటే ఎక్కువ చేపలు తింటారు. మీవాడు లావెక్కి వస్తాడు’ అన్నాను.

నేను జోకు వేశాను. ఆమె నిజంగా ఊరటపడింది. కొంగుతో కళ్లు తుడుచుకుని ‘అలాగైతే పరవానేదు’ అంటూ లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో జోకు వేయాలంటే భయం పట్టుకుంది నాకు. ఇంకెక్కడా నాకు ఆ భయం లేదు. టౌన్లో, బతు బస్తీలోని మా ఇంట్లో ఎవరు ఏడ్చినా ముందు నేను సీరియల్ మ్యూజిక్ నోటితో వాయిస్తాను.

అక్క సంగతి వేరు. అక్క బర్మాను నమ్మలేదు, సముద్రాన్నీ నమ్మలేదు. రోజూ సాయంత్రం జెట్టీ దగ్గరికి వెళ్లి నిలబడేది, అత్త వెళ్లమంటుంది గనక. అక్కడ నిలబడితే టూరిస్టులు వచ్చి గ్లాస్‌బోటు టికెట్ ఎక్కడిస్తారని అడుగుతారు. ఇటు చెప్తుంది, అటు చూస్తుంది. ‘ఎదురుచూడ్డం కూడా డ్యూటీయే చెల్లీ. ఛుట్టీ లేని డ్యూటీ’ అంది నాతో ఒకసారి. మనిషి చిక్కి, గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. తీసేయడానికీ వీల్లేదు, నిలవడానికీ చెయ్యి లేదు.

నేను గోల్ ఘర్‌లో ఒక హోటల్ రిసెప్షన్లో పని చేస్తాను. ఆదివారం సాయంత్రాలు మాత్రం మా తెలుగు గుడిలో పంతులుగారి ప్రసంగం వీడియో తీయాలి. భక్తి కొద్దీ కాదు. కమిటీవాళ్లు చూసిన ఫోన్లలో నా ఫోనే బాగుంది. వీడియో కింద తెలుగులో పేరు టైపు చేయాల్సి రావడంతో, మాట్లాడటమే తప్ప రాయడం రాని నా తెలుగు కాస్త గాడిన పడింది. పంతులుగారు గోదావరి వైపునుంచి ఎప్పుడో వచ్చి ఉండిపోయిన మనిషి. ఆయన చెప్పేది వినడానికి వచ్చేవాళ్లలో సగం మంది ప్రసాదం కోసం ఆగినవాళ్లు.

ఆ ఎండాకాలంలో ఆయన వేదకాలపు చాతుర్మాస్యాలు ఎత్తుకున్నారు. సన్యాసులు వానాకాలమంతా ఒకేచోట ఉండే వ్రతం కాదు, ఇవి యజ్ఞాలు, నాలుగు నెలలకు ఒకటి చొప్పున చేసేవారు అని మొదలుపెట్టారు. వసంతంలో వైశ్వదేవం. వానాకాలంలో వరుణప్రఘాసం. శరత్తులో సాకమేధం. చివర దుక్కికీ నాగలికీ సంబంధించి శునాసీరీయం అని ఇంకొకటి.

నాలుగు నెలలకు ఒకసారి ఎందుకంటే, సృష్టి చేసి చేసి ప్రజాపతి అలసిపోయాడట. కీళ్లు సడలి లేవలేకపోయాడట. ఆయన ఒళ్లే సంవత్సరం. ఒక ఋతువు పోయి ఇంకొకటి వచ్చే చోట ఉండే అతుకులే ఆయన కీళ్లు. జబ్బులు, చావులు ఆ అతుకుల దగ్గరే లోపలికి దూరతాయి. అందుకని సరిగ్గా అక్కడ యజ్ఞం చేసి కీళ్లు మళ్లీ బిగించాలి.

‘అంటే సర్వీసింగ్ అన్నమాట. సీజన్ మారేముందు ఇంజిన్‌కి చేయించినట్టు’ అన్నాను ఫోన్ వెనకనుంచి.

పంతులుగారు కాసేపు ఆలోచించారు. ‘తప్పేం లేదమ్మాయ్. అదే’ అన్నారు.

నా జోకును ఒప్పేసుకునే మనుషులతో నాకు చాలా కష్టం.

నిజానికి మాకు ఆరు ఋతువులు లేవు. షిప్ వచ్చే కాలం, షిప్ రాని కాలం, అంతే. అయినా ఆ అతుకు సంగతి నాకు అర్థమైంది. సముద్రం రంగు మారి, గాలి తిరిగి, ఇంకా వాన పడకుండా నాలుగు రోజులు ఉంటాయి. మా బావ వెళ్లింది ఆ సందులోనుంచే.

తరవాత వరుణప్రఘాసం కథ చెప్పారు. కొత్తగా పుట్టిన ప్రజలు వరుణుడి యవలు ఆయన్ని అడక్కుండా తినేశారట. ఆయన పాశం వేసి పట్టుకున్నాడు. ఒళ్లు ఉబ్బి, ఊపిరి ఒక్కటే మిగిలి పడిపోయారు. ప్రజాపతి ఈ యజ్ఞం చేసి వాళ్లను విడిపించాడు. వాళ్లు తిన్నది గింజలు. మేం తరతరాలుగా ఆయన చేపలు తింటున్నాం. ఎవరూ ఒక్కసారైనా అడిగినట్టు నేను వినలేదు.

పిండితో ఒక పొట్టేలును, ఒక గొర్రెను చేసి ఒంటికి ఉన్ని అంటించేవారట. ఏది పొట్టేలో ఏది గొర్రో చూడగానే తెలిసేలా చేయాలట, ఆ వివరాల దగ్గర పంతులుగారికి దగ్గు వచ్చింది. ఉన్ని దొరక్కపోతే దర్భ కొనలు అంటించినా సరిపోతుందట. అది విని నాకు ఆ కాలం మీద అభిమానం కలిగింది. సరుకు రాకపోతే ఉన్నదాంతో సర్దుకోమని రాసిపెట్టుకున్నవాళ్లు మావాళ్లలాంటివాళ్లే.

ఆ తరవాత యజమాని భార్యను పిలిచి, ‘నువ్వు ఎవరితో తిరుగుతున్నావు?’ అని అందరిముందూ అడుగుతారట. ఆమె ఉన్నదున్నట్టు చెప్పాలి. దాచిపెడితే ఆ పాపం ఆమెవాళ్లకు తగులుతుందట, చెప్తే తగ్గుతుందట. పేర్లు చెప్పలేకపోతే ఎంతమందో అన్ని గడ్డిపరకలు పట్టుకుని చూపించినా చాలట.

‘మరి మొగుణ్ణి అడగరా?’

‘అడగరమ్మా.’

‘అంత గడ్డి దొరకదనా?’

ప్రసాదం కోసం ఆగినవాళ్లు కూడా నవ్వారు. పంతులుగారు నవ్వు ఆపుకుని ముందుకు వెళ్లారు. ‘ఇప్పుడు ముఖ్యమైనది. యవల పిండి పెరుగుతో కలిపి చిన్నచిన్న పాత్రలు చేస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని. పైన ఒకటి ఎక్కువ. యజమాని భార్య వాటిని చేటలో పెట్టి తలమీద పెట్టుకుని తెచ్చి అగ్నిలో వేస్తుంది. వరుణుడు ఇంట్లోవాళ్లను పట్టుకోకుండా, వాళ్ల బదులు ఇవి.’

నేను ఫోన్ కిందికి దించేశాను. ఆ వీడియోలో అక్కణ్ణుంచి కాసేపు నా చెప్పులు కనిపిస్తాయి.

జనం వెళ్లాక అడిగాను, మావాళ్లు చేసేదీ ఇదేనా అని. ‘అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. నీళ్లంటే భయం ఉన్నచోట మనుషులు ఏదో ఒకటి పిండితో చేసి ఇస్తారు. మనిషిని ఇవ్వలేరు గదా’ అన్నారు. మంత్రం ఏముంటుందని అడిగాను. ‘ఇది వరుణుడిది, నాది కాదు అనాలి. ఆ నాది కాదు అనడమే యజ్ఞం. మిగతాదంతా వంటే’ అన్నారు.

‘ఆ ఎక్కువ ఒకటి ఎవరికి?’

‘ఆ ఇంట్లో ఇంకా పుట్టనివాళ్లకు. వాళ్లను కూడా ముందే విడిపించుకోవడం.’

‘పోయినవాళ్లకు?’

‘వాళ్లకు ఇందులో ఉండదు. శరత్తులో సాకమేధం అన్నానే, అందులో పితృయజ్ఞం ఉంది. వాళ్లది అప్పుడు.’

‘పోయారో లేదో తెలియనివాళ్లకో?’

ఆయనకు మా బావ సంగతి తెలుసు. కండువాను ఒకసారి మడిచి, విప్పి, మళ్లీ మడిచారు. ‘నాకు తెలిసినంతలో లేదమ్మాయ్’ అన్నారు చివరికి.

బతికున్నవాళ్లకు వానాకాలం. పోయినవాళ్లకు శరత్తు. పుట్టనివాళ్లకు కూడా ఒక ముంత. ఇంత పకడ్బందీ ఏర్పాటులో మా బావ ఒక్కడూ ఏ ఋతువులోనూ పట్టలేదు. బతికున్నప్పుడూ ఆయన ఏ గ్రూప్ ఫొటోలోనూ సరిగ్గా పట్టేవాడు కాదు, అదొక రకం మనిషి.

పండుగ ముందురోజు అక్క ఫోన్ చేసింది. ‘నువ్వు రా. నాతో అవదు. అత్త ముంతలు మొదలెట్టీసింది.’

ఆ మాటకు అర్థం మాకు తెలుసు గానీ బయటివాళ్లకు చెప్పాలి. ముంతలు వదిలేటప్పుడు ఇంటి కోడలు ‘ఇది మాయత్తది, ఇది మా పెద్దోడిది’ అంటూ ఒక్కొక్కటే చెప్తుంది. మొగుడి ముంత దగ్గర మాత్రం పేరు చెప్పదు, ‘మా ఇంటాయనది’ అంటుంది. మా ఆడవాళ్లు బతికున్న మొగుడి పేరు నోటితో పలకరు, పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని. పోయాక పలకవచ్చు. అప్పుడు తగ్గడానికి ఏమీ ఉండదు గదా. అదీగాక పోయినవాళ్లకు ముంత చేయరు, మొగుడు పోయిన ఆడమనిషి చేట పట్టుకోదు. అత్త చేట దించింది మామ పోయినప్పుడే. అంటే రేపు అక్క ఒడ్డున నిలబడి ‘మా ఇంటాయనది’ అంటే బావ బతికున్నట్టు. అనకపోతే అక్క విధవ, ఆ ఇంటికి వచ్చే ఏడునుంచి చేట లేదు, ముంతలు లేవు, గంగమ్మ లెక్కలో ఆ ఇల్లే లేదు. ఒక ఆడపిల్ల నోటిమీద ఇంత బరువు పెట్టి, మగవాళ్లు హాయిగా కోడిని పట్టుకుని నిలబడతారు.

నేను వెళ్లేసరికి అత్త వంటింట్లో కింద కూర్చుని ఉంది. తడిబియ్యం పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, బొటనవేలితో గుంట చేస్తూ ముంత తీరుస్తోంది. పీట మీద అప్పటికే రెండు ఉన్నాయి. చేతిలోది మూడోది. అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

‘వచ్చావా గుంటా. మీ యక్కకి సెప్పు. నోట్లోన ముత్యాలున్నాయి, రాల్తాయని ఊరుకుంటంది’ అంది అత్త, తలెత్తకుండా.

‘అత్తా, నాను ముంత వద్దన్నానా? సెయ్యి, ఎన్నైనా సెయ్యి. ఆ మాట మాత్రం అనలేను’ అంది అక్క.

‘ఏటి అనలేవు? నిరుడు అనలేదా? నిరుడు గొంతు బాగుంది, ఈ ఏడు పాడయిపోనాదా?’

‘నిరుడు నా ఎనకాల నిలబడి సలిమిడి తింటన్నాడత్తా. మతలబ్, ఉన్నాడు. ఉన్నోడిని ఉన్నాడన్నాను.’

‘ఇప్పుడు నేడని నీకెవుడు సెప్పినాడు?’

‘ఉన్నాడని నీకెవరు సెప్పారు?’

చలిమిడి వాసన, కిరసనాయిలు వాసన, బయట గాలి. ఇద్దరూ నన్ను చూశారు. ఇలాంటి చోట నేను ఏదో ఒకటి అని గాలి తీసేయడం మామూలు. అందుకే పిలిచారేమో కూడా. నా దగ్గర ఆ రోజు జోకు లేదు, దానికంటే తెలివైనది ఉందనుకున్నాను. పంతులుగారు చెప్పిందంతా చెప్పాను. పాతకాలంలో ఇదే పండుగ ఉండేదట, ఇవే ముంతలట, ఇదే చేటట. కాకపోతే వాళ్లు ఒకటి ఎక్కువ చేసేవాళ్లు.

‘ఎక్కువెందుకు?’ అంది అత్త.

‘అదే అత్తా, అసలు సంగతి. ఆ ఒక్కదానికి పేరు లేదు. ఎవరిదీ అని చెప్పక్కర్లేదు. అక్క మీ ఇద్దరివీ చెప్పి, మూడోది ఊరికే వదిలేస్తుంది. నువ్వు ఎవరిదనుకుంటే వాళ్లది.’

అక్క మొహంలో కొంచెం వెలుగు వచ్చింది. నాకు నామీద గౌరవం కలిగింది. వేదాన్ని బస్సెక్కించి వండూర్ దాకా తెచ్చిన మొదటిదాన్ని నేనే అనిపించింది.

అత్త ముంత అంచు తడుముతూ ఆలోచించింది. ‘మీ పంతులు ఆ ఎక్కువ ముంత ఎవుళికన్నాడు?’

అబద్ధం చెప్పి ఉండవలసింది. చెప్పలేకపోయాను. ‘ఇంకా పుట్టనివాళ్లకట.’

‘మరి నా కొడుకు పుట్టీసినాడు గదే’ అంది అత్త. ‘నానే కన్నాను. ఈ గదిలోనే కన్నాను. పుట్టనోళ్ల ముంత వాడికెందుకు అంటగడతారు మీరు?’

కోపంగా కూడా అనలేదు. ఒక లెక్క తప్పయితే చూపించినట్టు అంది. మూడో ముంతను మిగతా రెండింటి పక్కన పెట్టింది. దాన్ని కొంచెం పెద్దగా చేసింది. మా బావకు తిండి ఎక్కువ.

అక్క బయటికి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను. పెరట్లో ఆరేసిన వలల పక్కన కూర్చుంది.

‘ఏం చేద్దామనుకుంటున్నావు?’

‘తెలీదు. ఇంటాయనది అంటే అబద్ధం. అనకపోతే నానే సంపేసినట్టు. వాడిని తీసుకెళ్లింది దర్యా, ఈ సముద్రం, పలకాల్సింది మాత్రం నాను.’

‘అక్కా, దగ్గు వచ్చినట్టు చెయ్. ఆ మాట దగ్గులో కలిపేయ్. అన్నావో లేదో ఎవరికీ తెలీదు.’

అక్క నవ్వబోయి ఆగిపోయింది. ‘నువ్వుండు’ అంది.

మర్నాడు పొద్దున్న ఒడ్డున జనం బాగానే చేరారు. సముద్రం బూడిదరంగులో ఉంది, అలల మీద నురుగు చెదిరిపోతోంది. డింగీలన్నీ పైకి లాగేసి ఉన్నాయి. పూజారి పసుపు నీళ్లు చల్లి కోడిని కోశాడు. కోడికి తప్ప అక్కడ ఎవరికీ తొందర లేనట్టుంది, చాలాసేపు జరిగింది. నెత్తురు ఇసకలో ఇంకేదాకా అందరూ చూశారు. ఆ యజ్ఞాలవాళ్లు పిండి పొట్టేలుతో సరిపెట్టుకున్నారు, మేం నిజం కోడికి వచ్చాం, ముందుకెళ్లామో వెనక్కెళ్లామో పంతులుగారిని అడగాలి అనుకున్నాను. మనసులోనే.

ఆడవాళ్లు వరసగా మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. మా పద్ధతిలో ఒక్కొక్కరే చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. ముందున్న పెద్దావిడ గొంతు పెద్దది, మనవల పేర్లన్నీ గాలికి ఎదురు అరిచింది. తరవాత ఒక కొత్త కోడలు ‘మా ఇంటాయనది’ అనడానికి సిగ్గుపడింది, వెనకనుంచి ఎవరో ‘గట్టిగా దీదీ, భయ్యాకి ఇనపడనేదు’ అన్నారు. నవ్వులు. తరవాత అక్క.

నేనూ అత్తా తడి ఇసకలో నిలబడి ఉన్నాం. అత్త చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. పట్టు బాగా గట్టిది, వలలు లాగిన చెయ్యి.

‘ఇది మాయత్తది’ అని అక్క మొదటి ముంత వదిలింది.

‘ఇది నాది’ అని రెండోది.

మూడోది చేతిలోకి తీసుకుని ఆగింది. అల వచ్చి తొడల దాకా తడిసిపోయింది. బస్తీ మొత్తానికి సంగతి తెలుసు, మెడలు చాచి చూస్తున్నారు.

అక్క మా బావ పేరు పెట్టి చెప్పింది. మెల్లిగా కాదు. ఎవరినో దూరంనుంచి పిలిచినట్టు చెప్పింది. పెళ్లయినప్పటినుంచీ ఆ పేరు ఆమె నోట నేను వినలేదు, గొంతు వేరేవాళ్లదిలా ఉంది.

ఆ పేరు మావాళ్లలో చాలామందికి ఉంది. ఒకే గంగమ్మ, ఒకే మొక్కు, ఒకే పేరు. మా వెనక, డింగీలకు ఆనుకుని నిలబడ్డ మగవాళ్లలోంచి ఎవరో, పిలిచినప్పుడు పలికే అలవాటు కొద్దీ, ‘ఆఁ!’ అన్నారు.

అత్త తల గిరుక్కున తిరిగింది.

నేను ఆమె మొహం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ఆ ఒక్క క్షణంలో ఆమె వయసు సగమైపోయింది. పెదవులు విడివడ్డాయి, ఏదో తిట్టడానికి సిద్ధమైనట్టు, ఇంత ఆలస్యమా అని అడగబోయినట్టు.

పలికినవాడు ఐస్‌ప్లాంటులో పని చేసే మనిషి. తనేం చేశాడో అప్పుడు అర్థమై, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. ‘మాఫ్ కరో అమ్మా, నన్నే పిలిచారనుకుని...’ అంటున్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

అత్త వాడిని చాలాసేపు చూసింది. అందరూ అత్తను చూస్తున్నారు. అక్క ముంత చేత్తో పట్టుకుని నీళ్లలోనే నిలబడి వెనక్కి తిరిగి ఉంది.

‘నువ్వు కాదులే నాయనా’ అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది. ‘నిన్ను కాదు. అది మావోడి పేరు. మావోడికి సెప్తంది.’

అప్పుడు నా మోచెయ్యి వదిలేసింది. అక్కవైపు చూసి చెయ్యి ఊపింది, వదిలెయ్యి అన్నట్టు. అక్క వంగి వదిలింది. అల దాన్ని ఒకసారి వెనక్కి తోసింది, మళ్లీ లాగింది. పిండి కరగడానికి కొంత టైం పడుతుంది. వరసలో తరవాతావిడ గొంతు సవరించుకుని ‘ఇది మాయత్తది’ అని మొదలుపెట్టింది. పండుగ ఎవరికోసమూ ఆగదు.

అక్క తడి చీరతో వచ్చి ఖాళీ చేట అత్తకు ఇవ్వబోయింది. అత్త తీసుకోలేదు. నేను తీసుకున్నాను. ఎలా పట్టుకోవాలో తెలియక తలమీద పెట్టుకున్నాను, చినుకులు మొదలయ్యాయి గనక. ఎవరూ నవ్వలేదు, నేను నవ్వించాలనీ అనుకోలేదు.

ఇంటికి పోయే దారిలో ఐస్‌ప్లాంటు మనిషి మా వెనకాలే, కాస్త ఎడంగా వస్తున్నాడు. మాఫీ పూర్తిగా దొరకలేదనుకున్నాడేమో. అత్త ఆగింది.

‘తిన్నావేటిరా?’

‘లేదమ్మా, ఇంటికెల్లి...’

‘రా. ఆ పేరుకి పలికినోడివి నువ్వొక్కడివే. తినేసి ఎల్లు.’

అతను నన్ను చూశాడు, అక్కను చూశాడు. అలాంటి పిలుపుకు కాదనడం ఎలాగో అతనికి తెలియలేదు, ఎవరికైనా తెలుస్తుందనుకోను. వచ్చాడు. కాళ్లు కడుక్కుని గోడవారగా కూర్చున్నాడు. కోడికూర ఇంకా బస్తీ పంపకంలో ఉంది, ఇంట్లో ఉన్నది చేపల పులుసే. అత్త తనే వడ్డించింది. అన్నం కుప్పగా పెట్టి, మధ్యలో గుంట చేసి, పులుసు పోసి, నడుంముక్క వెతికి వేసింది. అతను మొదటి నాలుగు ముద్దలు మొహమాటంగా తిన్నాడు, తరవాత ఆకలి గెలిచింది. బాగానే తిన్నాడు. ఇలాంటప్పుడు తక్కువ తినాలని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

అత్త ఎదురుగా కూర్చుని తినడం చూసింది. కాసేపయ్యాక లేచి, గరిటె గిన్నెలో పెట్టి, పెరట్లోకి వెళ్లింది. అప్పుడు వినిపించింది. మా ఆడవాళ్లు పోయినవాళ్ల కోసం రాగం తీసి ఏడ్చే ఏడుపు. పేరు పెట్టి పిలుస్తూ, చిన్నప్పటినుంచి వాడు చేసిన పనులన్నీ చెప్తూ. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆమె అలా ఏడవలేదు. పక్కిళ్ల ఆడవాళ్లు తలుపులు తీసి వస్తున్న చప్పుడు వినిపించింది. నా నోట్లో ఏ మ్యూజిక్కూ రాలేదు.

ఐస్‌ప్లాంటు మనిషి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెరట్లోంచి వినపడే ప్రతి పిలుపులోనూ అతని పేరే ఉంది. లేవాలో తినాలో తెలియక అక్కవైపు చూశాడు.

అక్క అతని ముందుకు మంచినీళ్ల చెంబు జరిపింది.

‘తిను భయ్యా, సల్లారిపోద్ది’ అని చెప్పి, అత్త దగ్గరికి వెళ్లింది.